లేని ఊళ్ళో ఇల్లు

పిల్లలూ! ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళను నేను చాలామందిని చూశాను. మాది నెల్లూరు జిల్లాలోని తోటపల్లి గూడూరు. సముద్రం మాకు దగ్గర. కోడూరు ఒడ్డుకు పోయి నిలబడితే ఎదురుగా బంగాళాఖాతమే. తుఫాను పట్టినప్పుడల్లా కప్పు లేచిపోయినవాళ్ళూ, గోడలు నాని కూలినవాళ్ళూ పిల్లా జెల్లాతో వచ్చి బడిలో తలదాచుకునేవారు. ముప్ఫై నాలుగేళ్ళు పంతులుగా ఉండి, హెడ్మాస్టరుగా రిటైరయిన నాకు ఇల్లు పోవటమంటే ఏమిటో బాగా తెలుసుననుకున్నాను. కాని పోయిన వేసవిలో మా మనమడు తన ఇల్లు పోతున్నదని ఏడిస్తే నేను నవ్వాను. ఆ నవ్వు సంగతి మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా అబ్బాయికి నెల్లూరులో ఉద్యోగం. మనమడు ఏడో తరగతి చదువుతున్నాడు. ప్రతి ఆదివారమూ బస్సెక్కి మా దగ్గరికి వస్తాడు. వేసవి సెలవులన్నీ ఇక్కడే. పరీక్షలయ్యేదాకా సెల్‌ఫోను ముట్టనని వాళ్ళ నాన్నకు మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకున్నాడు. సెలవులివ్వగానే వచ్చి, వాళ్ళ అవ్వ ఫోను అడిగి తీసుకుని, పది నిమిషాలయినా కాకముందే బోరింగు ప్రక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఏందిరా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగాను.

"రేపు రాత్రికి నా ఇల్లు పోతుంది తాతా!" అన్నాడు.

నా గుండె గతుక్కుమన్నది. మావాళ్ళు ఉండేది బాడుగ ఇంట్లో. ఆరేళ్ళలో నాలుగిళ్ళు మారారు. "మళ్ళీ ఇంటివాళ్ళు ఖాళీ చెయ్యమన్నారా?" అన్నాను కంగారుగా.

"ఆ ఇల్లు కాదు తాతా. ఆటలో ఇల్లు."

నాకు నవ్వు ఆగలేదు. "ఓరి పిచ్చోడా! ఫోనులో ఇల్లు పోతే ఏమిరా? మీట నొక్కితే అన్నీ పోయేవే గదా!" అన్నాను. వాడు నా ముఖం కేసి ఒకసారి చూసి లేచిపోయాడు. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే రాలేదు. తెలియని సంగతిని చూసి నవ్వకూడదని ఎన్ని తరగతులకు పాఠం చెప్పానో! ఆ పాఠం నాకే రాలేదు.

సాయంత్రం మిద్దె మీదికి పోయాను. వాడు పిట్టగోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఆ ఇల్లు నాకొకసారి చూపించరా," అన్నాను. నేను నిజంగానే అడుగుతున్నానని తెలుసుకోవటానికి వాడికి కొంచెంసేపు పట్టింది. తరవాత ఫోను తెరిచాడు.

ఆ ఆట పేరు నేను చెప్పను. అట్లాంటివి చాలా ఉన్నాయి. దేశదేశాల పిల్లలు ఒకే ఊళ్ళో తిరుగుతున్నట్టు అందులో కనబడతారు. చేపలు పట్టవచ్చు, బండి తోలవచ్చు, సరుకులు మోయవచ్చు. ఏ పని చేసినా నాణేలు వస్తాయి. ఆ నాణేలతో ఇల్లు కొనుక్కోవచ్చు. మావాడి ఇల్లు సముద్రపొడ్డున ఉన్నది. రెండు గదులు, ముందర వరండా, మూడు మెట్లు, ఒక కొబ్బరిచెట్టు. లోపల గోడలనిండా పటాలు! లెక్కపెట్టాను, తొమ్మిది.

"ఇన్ని పటాలెందుకురా?" అన్నాను.

"మా ఇంట్లో గోడకు మేకు కొట్టకూడదు తాతా. ఇంటివాళ్ళు ఒప్పుకోరు. ఇక్కడ ఎన్నయినా కొట్టుకోవచ్చు," అన్నాడు.

ఇక నాకు నవ్వు రాలేదు. ఒక కాగితమూ పెన్సిలూ తెమ్మని, ఇద్దరమూ లెక్కకు కూర్చున్నాము. ఇంటి వెల 40,000 నాణేలు. గంటసేపు చేపలు పడితే సుమారు 400 వస్తాయి. అంటే ఇంటి ఖరీదు 100 గంటలు. రోజుకు 5 గంటల చొప్పున బడి నడిస్తే అది 20 పనిదినాలు. అదీగాక వారానికి 1,500 నాణేలు బాడుగ. ఇల్లు కొన్నాక బాడుగ ఏమిటని అడిగాను. "అది అంతే తాతా. కట్టకపోతే నాలుగు వారాలు చూసి ఇల్లు తీసేసుకుంటారు," అన్నాడు. పరీక్షలలో వాడు ఆడలేదు గదా! నాలుగు వారాల బాకీ 6,000 నాణేలు. వాడి దగ్గర ఉన్నవి 300.

"అయితే కొనేటప్పుడు నూరు గంటలూ ఆడి సంపాదించావా?" అన్నాను.

వాడు పెన్సిలు కింద పెట్టేశాడు. "డెబ్భై గంటలు ఆడాను. 28,000 వచ్చాయి. మిగతా పన్నెండు వేలు... కొన్నాను," అన్నాడు మెల్లగా.

నాణేలను సంచుల్లో అమ్ముతారట. చిన్న సంచిలో 2,500 నాణేలు, వెల 89 రూపాయలు. పెద్ద సంచిలో 5,500, వెల 179 రూపాయలు. వాడికి కావలసినవి 12,000. రెండు పెద్ద సంచులు కొంటే 11,000 అయినాయి. ఇంకా వెయ్యి కావాలి. వెయ్యి నాణేల సంచి లేదు. అందువల్ల చిన్న సంచి కూడా కొన్నాడు. మొత్తం 447 రూపాయలు. ఇల్లు కొనగా 1,500 నాణేలు మిగిలాయి. చేతిలో మిగిలితే ఊరుకుంటామా? 1,200 పెట్టి ఒక దీపం కొన్నాడు. 300 మిగిలాయి. 300కు ఏమీ రాదు. బల్ల ఖరీదు 2,000. దానికి ఇంకొక చిన్న సంచి. బల్ల కొన్నాక 800 మిగిలాయి. దానికీ ఏమీ రాదు!

పిల్లలూ, ఇందులో కిటుకు చూశారా? చిల్లర లేదని చాక్లెట్టు చేతిలో పెట్టే అంగడిని మీరు చూసే ఉంటారు. ఇది దానికి పెద్దన్న. సంచులు ఒక లెక్కన, సామాన్లు ఇంకొక లెక్కన ఉంటాయి. రెండూ ఎప్పుడూ సరిపోవు. ఎప్పుడూ కొంచెం మిగులుతుంది, లేకపోతే కొంచెం తగ్గుతుంది. మిగిలినదాన్ని వృథా చేయటం ఇష్టంలేక ఇంకొంచెం కొంటాము. పైగా 89 రూపాయలంటే రూపాయల మాదిరిగా కనబడతాయి. 2,500 నాణేలంటే ఆట మాదిరిగా కనబడతాయి. రూపాయిని నాణెం చేసిన క్షణంలోనే మనం దాని బరువు మరిచిపోతాము.

"మొత్తం ఎంత అయింది? ఆ డబ్బు ఎక్కడిది?" అన్నాను.

వాడు జవాబు చెప్పలేదు. అవ్వ ఫోను నా చేతికి ఇచ్చి, బ్యాంకు లెక్క ఎక్కడ కనబడుతుందో చూపించాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా, అన్నీ ఆదివారాలే. పెద్ద సంచులు 8, చిన్న సంచులు 10. మొత్తం 2,322 రూపాయలు. ఫోను రీచార్జి చెయ్యటానికని వాళ్ళ అవ్వే వాడికి పిన్ నంబరు చెప్పింది.

ఆ తేదీలు చూస్తుంటే నాకు ఇంకొక సంగతి గుర్తు వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది.

మా ఇంటావిడ నలభై ఏళ్ళుగా ఇంటి లెక్క పుస్తకంలో రాస్తున్నది. పాలు, కూరలు, చాకలి పద్దు, ఒక్క రూపాయి తప్పిపోదు. సంక్రాంతి తరవాత ఒకరాత్రి ఆమె పుస్తకం ముందు పెట్టుకుని, "ఏమండీ, పుస్తకంలో లెక్కకూ బ్యాంకులో డబ్బుకూ పొంతన కుదరటం లేదు. ఎక్కడ ఖర్చుపెట్టానో జ్ఞాపకం రావటం లేదు. నాకు మతి తప్పుతున్నదేమో!" అన్నది. వాళ్ళ అమ్మ చివరి రోజులలో కన్నబిడ్డల పేర్లు మరిచిపోయి పోయింది. ఆ భయం ఈమెలో ఎప్పటినుంచో ఉన్నది. నేను పేపరులోనుంచి తల ఎత్తకుండా, "వయసు వస్తున్నది గదా!" అన్నాను. అంతే. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కాని అప్పటినుంచి పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవటం మొదలుపెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఇదంతా వాడితో చెప్పాను. కేకలు వేయలేదు. వాడి ముఖం పాలిపోయింది. డబ్బు తీసిన సంగతి తప్పని వాడికి తెలుసు. కాని అవ్వ తనను తానే అనుమానించుకుంటుందని వాడికి తోచలేదు. కనబడని నాణేల ఖరీదు ఎక్కడ పడుతుందో కొన్నవాడికి కనబడదు.

"నువ్వే పోయి చెప్పు," అన్నాను. వాడు దిగిపోయాడు. నేను వెనకే పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాడు వంటింట్లో నిలబడి, తల వంచుకుని, తేదీలతో సహా అంతా చెప్పాడు. మా ఇంటావిడ చేతిలో గరిట అట్లాగే ఉండిపోయింది.

"అయితే నా మతి బాగానే ఉన్నదన్న మాట!" అన్నది. నవ్వింది. ఆ వెంటనే పీట మీద కూర్చుని ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. నాలుగు నెలలు ఆమె ఎంత భయపడిందో నాకు అప్పుడు తెలిసింది. తప్పు వాడిదొక్కడిదే కాదు. ఆ రాత్రి పేపరు మడిచి, లెక్క చూద్దాం రమ్మని నేను అని ఉంటే, మొదటి ఆదివారాలతోనే ఆగిపోయేది.

మర్నాడు ఉదయం ఇంటి బాకీ సంగతి మళ్ళీ వచ్చింది. గడువు ఆ రాత్రి 12 గంటలు. కావలసినవి ఇంకా 5,700 నాణేలు. ఆడి సంపాదించాలంటే పద్నాలుగుంపావు గంటలు. కొనాలంటే పెద్ద సంచి ఒకటి చాలదు, 200 తగ్గుతాయి! ఎటు తిప్పినా 267 రూపాయలకు తక్కువ కాదు. నా జేబులో ఆ డబ్బు ఉన్నది. వాడి ముఖం చూస్తే ఇవ్వాలనే అనిపించింది. కాని, "ఈవేళ నేను కడతాను. వచ్చే వారం 1,500 ఎవరు కడతారు? ఆ పై వారం?" అని అడిగాను.

వాడు చాలాసేపు ఆలోచించాడు. "వద్దులే తాతా," అన్నాడు. "ఒక్కసారి లోపలికి పోయి చూసుకుంటాను."

వాడు గది గదికీ పోయి ఫోటోలు తీసుకున్నాడు. తరవాత నోటు పుస్తకంలో ఇంటి పటం గీసుకున్నాడు. తెల్లవారి చూస్తే ఆ స్థలంలో ఉత్త ఇసుకా, వెల రాసిన ఒక బోర్డూ ఉన్నాయి. కొబ్బరిచెట్టు కూడా లేదు. వాడు ఏడవలేదు. "తాతా! ఇటుకలు లేవు, సిమెంటు లేదు, మేస్త్రీ కూలి లేదు. మరి అంత ఖరీదెందుకు? బాడుగ ఎందుకు?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియదు. తెలుసుకుని చెబుతానన్నాను. హైదరాబాదులో కంప్యూటరు పని చేస్తున్న నా పాత విద్యార్థి ఒకణ్ణి అడిగి, నెలనాళ్ళు చదివి, వాడికి చెప్పిన సంగతులు మీకూ చెబుతాను.

మొదటి కారణం నాణేలు. మా జిల్లాలో ఊరూరా చెరువులున్నాయి. చెరువుకు నీళ్ళు వచ్చే కాలువ ఎంత అవసరమో, నీళ్ళు పోయే తూమూ, కలుజూ అంత అవసరం. పోయే దారి లేకపోతే కట్ట తెగుతుంది. ఆటలో నాణేలూ అంతే. లక్షలమంది చేపలు పట్టిన ప్రతిసారీ కొత్త నాణేలు గాలిలోనుంచి పుట్టుకొస్తాయి. అవి పోయే దారి లేకపోతే అందరి దగ్గరా గుట్టలు పడతాయి, ధరలు ఆకాశానికి ఎక్కుతాయి. ఇంటి వెలా, బాడుగా నాణేలను బయటికి పంపే తూములు.

ఇది ఊహ కాదు. 1986 ప్రాంతంలో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ వారు "హాబిటాట్" అనే ఆట తయారుచేశారు. టెలిఫోను తీగ ద్వారా ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఆడిన మొదటి బొమ్మల ఊళ్ళలో అది ఒకటి. అందులో ప్రతి మనిషికీ ఒక ఇల్లు ఉండేది. కొత్తగా వచ్చినవాడికి 2,000 టోకెన్లు ఇచ్చేవారు. వచ్చిన ప్రతిరోజుకూ ఇంకో 100 ఇచ్చేవారు. అయితే ఒక అంగడిలో ధర పొరపాటుగా పెట్టారు. 75 టోకెన్లకు బొమ్మ కొని, ఊరి అవతల ఇంకొకచోట 100కు అమ్మవచ్చు! కొందరు ఇది కనిపెట్టి, రాత్రంతా నిద్రపోకుండా ఈ చివరనుంచి ఆ చివరకు తిరిగారు. ఆ లాభంతో 18,000 టోకెన్ల స్ఫటిక గోళాలు కొని 30,000కు అమ్మారు. తెల్లవారేసరికి ఊళ్ళో ఉన్న మొత్తం డబ్బు ఐదు రెట్లయింది. ఆటలలో డబ్బు కూడా అర్థశాస్త్రం చెప్పినట్టే నడుచుకుంటుందని తయారుచేసినవాళ్ళకు అప్పుడు బోధపడింది.

రెండవ కారణం స్థలం. 1997లో వచ్చిన "అల్టిమా ఆన్‌లైన్" అనే ఆటలో ఎవరైనా ఖాళీ నేల మీద ఇల్లు వేసుకోవచ్చు. కొన్నాళ్ళకు నేలంతా నిండిపోయింది. స్థలం దొరకనివాళ్ళు ఆటలోని ఇళ్ళను బయట ఇంటర్నెట్టు వేలాలలో నిజమైన డాలర్లు పోసి కొన్నారు. "ఫైనల్ ఫాంటసీ 14" అనే జపాను ఆటలో ఒక్కొక్క పేటకు 60 స్థలాలే. చిన్న స్థలం 30 లక్షల గిల్ పైమాట. పెద్దది 4 కోట్లనుంచి 5 కోట్ల దాకా. గిల్ అంటే ఆ ఆటలోని నాణెం. స్థలానికి జనం ఎగబడుతుంటే 2022 ఏప్రిల్‌లో లాటరీ పెట్టారు. ఇల్లు దొరికినా 45 రోజులు అందులో కాలు పెట్టకపోతే సాధారణంగా తీసివేస్తారు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. కోడూరు దగ్గర నేల ఎందుకు పెరగదు? అవతల సముద్రం ఉన్నది గనుక. ఆటలో నేల ఎందుకు పెరగదు? సముద్రాన్ని గీసినవాళ్ళు దాన్ని అక్కడ గీశారు గనుక!

మూడవ కారణం నిజమైన ఖర్చు. మీ గోడ ఏ రంగో, ఏ మూల బల్ల ఉన్నదో, అదంతా అంకెలుగా మార్చి ఎక్కడో సర్వర్లనే కంప్యూటర్లలో దాచాలి. పొరుగువాడు మీ ఇంటికి వస్తే ఆ అంకెలన్నీ వాడి ఫోనుకు పంపాలి. ఒక ఇంటికి అయ్యే ఖర్చు చాలా స్వల్పం. లక్షల ఇళ్ళు, పగలూ రాత్రీ అనేసరికి కరెంటూ, యంత్రాలూ, జీతాలూ అన్నీ కలిసి లెక్క తేలుతుంది. ఆపైన కంపెనీవారి లాభం. వ్యాపారం చేసేవాడు లాభం చూసుకుంటాడు. అది దాచవలసిన సంగతి కాదు.

ఈ మూడు కారణాలకూ తోడు, మనుష్యుల ఆశ ఒకటున్నది. 2004 డిసెంబరులో ఆస్ట్రేలియా యువకుడు డేవిడ్ స్టోరీ "ప్రాజెక్ట్ ఎంట్రోపియా" అనే ఆటలో ఒక దీవిని 26,500 డాలర్లకు కొన్నాడు. అప్పటి లెక్కన సుమారు పదకొండున్నర లక్షల రూపాయలు. దీవిలో స్థలాలు అమ్మి, వేటకు పన్ను వేసి, పెట్టిన డబ్బు ఏడాది తిరిగేసరికి రాబట్టుకున్నాడు. ఒకడికి కలిసివచ్చిందంటే వెనక పదిమంది పరుగెత్తుతారు. 2021 నవంబరులో "డీసెంట్రాలాండ్" అనే కంప్యూటరు లోకంలో కొంత స్థలాన్ని ఒక సంస్థ 24 లక్షల డాలర్లకు కొన్నది. అంటే 18 కోట్ల రూపాయలకు అటూ ఇటూ. మన దేశంలో 2016లో ప్రారంభమైన గ్రామీణ ఆవాస పథకం కింద మైదాన ప్రాంతంలో ఇల్లు కట్టుకునే పేదవాడికి ఇచ్చే సాయం 1,20,000 రూపాయలు. భాగహారం చేసి చూడండి: 1,500 ఇళ్ళు! ఏడాది తిరగకుండానే ఆ లోకాలలో స్థలాల ధరలు దబ్బున పడిపోయాయి.

ఈ సందడి మన దగ్గరికీ వచ్చింది. హైదరాబాదుకు చెందిన గేమిట్రానిక్స్ సంస్థ "పార్టీనైట్" అనే లోకాన్ని నిర్మించింది. 2022 జనవరి 26న పంజాబీ గాయకుడు దలేర్ మెహందీ బొమ్మ రూపంలో అందులో పాట కచేరీ చేశాడు. తరవాత అక్కడే స్థలం కొని "బల్లే బల్లే ల్యాండ్" అని పేరు పెట్టాడు.

మరి ఇట్లా కొన్న ఇల్లు మనదేనా? మా ఇంటికి పట్టా ఉన్నది, రిజిస్ట్రేషను కాగితాలున్నాయి. సాధారణంగా ఆటలలో మనకు దొరికేది సొంతం కాదు, వాడుకోవటానికి అనుమతి మాత్రమే. "క్లబ్ పెంగ్విన్" అని పిల్లల ఆట ఒకటి 2005లో మొదలయింది. ప్రతి పిల్లవాడికీ ఒక మంచు ఇల్లు. దానిలోకి సామాన్లు కొని అమర్చుకోవాలంటే నెలనెలా చందా కట్టి సభ్యుడుగా చేరాలి. లోకమంతటా పిల్లలు తమ ఇళ్ళను ముచ్చటగా అలంకరించుకున్నారు. 2017 మార్చి ఆఖరున ఆ ఆటను మూసివేశారు. మంచు ఇళ్ళన్నీ ఒక్కసారిగా కరిగిపోయాయి.

అట్లా అని బాడుగా, లాటరీ, స్వాధీనం తప్పనిసరి అనుకోకండి. "వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్" అనే పెద్ద ఆట తయారుచేసినవాళ్ళు 2025లో తమ ఆటలో ఇళ్ళు పెడుతున్నామని చెబుతూ, లాటరీలు ఉండవు, విపరీతమైన వెలలు ఉండవు, చందా కట్టటం ఆపినా ఇల్లు లాక్కోము అని ప్రకటించారు. అంటే ఇల్లు లాక్కోవటం ప్రకృతి ధర్మం కాదు. మనుష్యులు పెట్టుకున్న నియమమే.

ఇంకొక మాట. డబ్బు పణంగా పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో మన పార్లమెంటు చట్టం చేసింది. కాని మావాడి ఆట పందెం కాదు, కొనుగోలు. అటువంటిచోట జాగ్రత్త మనదే. అందుకని మావాడూ నేనూ కలిసి మూడు ప్రశ్నలు రాసి పెట్టుకున్నాము. దీని ఖరీదు నాణేలలో కాదు, రూపాయలలో ఎంత? ఎన్ని గంటలు? కొన్న తరవాత మళ్ళీ మళ్ళీ ఏమి కట్టాలి? మా ఇంటావిడ నాలుగవది చేర్చింది: ఈ సంగతి ఇంట్లో ఎవరికి చెప్పావు?

మావాడి అప్పు సంగతి చెప్పలేదు గదూ! వాళ్ళ నాన్న వారానికి ఇచ్చే 50 రూపాయలలో 40 అవ్వకు ఇస్తున్నాడు. 2,322 రూపాయలు తీరటానికి 58 వారాలు పోగా ఇంకా 2 రూపాయలు మిగులుతాయి. ఆ రెండు రూపాయలు మాఫీ చేస్తానని అవ్వ అంటే వాడు ఒప్పుకోలేదు. ఇప్పటికి 22 వారాలయింది. 880 రూపాయలు జమ. ఆదివారం రాగానే వాడే పుస్తకం తీసి ఆ పద్దు రాస్తాడు, బ్యాంకు లెక్కతో సరిచూస్తాడు. మా ఇంటావిడ పొయ్యి ఆర్పిందీ లేనిదీ రెండుసార్లు చూసుకోవటం మానేసింది.

వాడు ఆట మానలేదు. నేను మానమననూ లేదు. ఆదివారం గంటసేపు చేపలు పడతాడు. ఒక్కొక్కసారి నన్ను కూడా ప్రక్కన కూర్చోబెట్టుకుంటాడు. మళ్ళీ ఇల్లు మాత్రం కొనలేదు.

ఆ వేసవిలోనే ఒకరోజు వాణ్ణి మా పడమటి గదిలోకి తీసుకుపోయాను. "ఈ గోడ నీది," అని చెప్పి, సుత్తీ, పిడికెడు మేకులూ చేతికిచ్చాను. పాత గోడ, సున్నం పెచ్చులు రాలుతుంది. వాడు నాలుగు మేకులు కొట్టాడు. ఒకటి వంకరపోయింది. ఒక మేకుకు ఆ సముద్రపొడ్డు ఇంటి పటం, నోటు పుస్తకంలో గీసుకున్నదే, అట్టకు అంటించి తగిలించాడు. వంకరపోయిన మేకును తీసి సరిగా కొడతానంటే, "ఉండనీ తాతా," అన్నాడు. అది ఇంకా అట్లాగే ఉన్నది.